ఉన్నదున్నట్టు

ఆ ఏడాది జూలైలో ఒక బుధవారం పొద్దున నేను మెజిస్ట్రేటు ముందు నిలబడి, "నేను రెండు బీర్లే తాగాను, మూడోది మా బామ్మర్ది తాగాడు" అని స్పష్టంగా చెప్పాను. నాకు బామ్మర్ది లేడు. బీరు వాసన నాకు పడదు. పక్కన నిలబడ్డ మనిషి తెలుగులో చెప్పిన మాటని ఇంగ్లీషులో చెప్పడం నా ఉద్యోగం. "తాగానంటున్నాడండీ" అనకూడదు, అతని బదులు నేనే 'నేను' అనాలి. ఒక మాట కలపకూడదు, ఒక మాట మింగకూడదు, ఉన్నదున్నట్టు చెప్పాలి. పదకొండేళ్ళుగా పెర్త్‌లో కోర్టులూ ఆసుపత్రులూ తిరుగుతూ నేను తాగుబోతునయ్యాను, నెలలు నిండిన గర్భిణినయ్యాను, ఒకసారి మోకాళ్ళ నొప్పుల ముసలాయన్ని కూడా అయ్యాను. సాయంత్రానికి కానింగ్ వేల్‌లో ఇంటికొచ్చి మళ్ళీ కాత్యాయనిని అయ్యేదాన్ని.

ఇంట్లో పద్ధతి వేరు. మా ఆయన బాలమురళి ఆఫీసులో ఎనిమిది గంటలు ఇంగ్లీషు మాట్లాడి, గుమ్మంలో బూట్లతో పాటు దాన్నీ విడిచేస్తారు. లోపల అంతా ఒంగోలు తెలుగే. మా అమ్మాయి అక్షర ఇక్కడే పుట్టింది, తెలుగు వింటుంది, ఇంగ్లీషులో బదులిస్తుంది. ఆయన మాట దానికి, దాని మాట ఆయనకి ముప్పావు వంతు అర్థమవుతుంది. మిగిలిన పావు వంతు నా డ్యూటీ. "ఆ చిరుగుల ప్యాంటేంటి, అడుక్కుతినేదాన్లాగా" అని ఆయనంటే, చలిగా ఉంది మందపాటిది వేసుకోమంటున్నారని దానికి చెప్పేదాన్ని. అది కళ్ళు తిప్పి ఏదో గొణిగితే, మీరు చెప్పింది ఆలోచిస్తానంటోందని ఆయనకి చెప్పేదాన్ని. కోర్టులో ఇలా చేస్తే ఆ మధ్యాహ్నానికే ఉద్యోగం పోతుంది. ఇంట్లో దీన్నే సర్దుకుపోవడం అంటారు.

అక్షర పన్నెండో తరగతిలో ఉంది. లా చదువుతానంది. మెడిసిన్ అనే మాట మా ఇంట్లోంచి బయటికి పోవడానికి రెండేళ్ళు పట్టింది కానీ, పోయింది. ఇక ఎక్కడ చదవాలన్నదే మిగిలింది. పరీక్షలు రాయకముందే పదకొండో తరగతి మార్కులూ, ఒక వ్యాసమూ చూసి సీటు ఖాయం చేసే పద్ధతి ఒకటుంది, ఎర్లీ ఆఫర్ అంటారు. పెర్త్‌లో ఒక యూనివర్సిటీ ఇస్తోంది, మెల్‌బోర్న్‌లో ఒకటి ఇస్తోంది. రెండూ ఒకే షరతులు పెట్టాయి: మమ్మల్ని మొదటి ప్రిఫరెన్స్‌గా పెట్టాలి, ఆఫర్ వచ్చాక పది రోజుల్లో ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక మరో చోటి పేరెత్తకూడదు. మొదటి స్థానం ఒకటే ఉంటుంది కాబట్టి రెండిట్లో ఏదో ఒకటే. గడువు ఆగస్టు ఆఖరి శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు.

ఇదంతా అక్షర ఒక రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. మెల్‌బోర్న్‌లో అయితే రెండో ఏడు నించే, లాయర్ని పెట్టుకోలేని మనుషుల పక్కన సాయంగా విద్యార్థుల్ని కూర్చోబెడతారట. అందుకే అక్కడికి వెళ్ళాలనుకుంటున్నానంది. మా ఆయన ముద్ద కలుపుతూ విన్నారు. ఆయన అక్క కొడుక్కి ఎంసెట్‌లో ఫోన్‌లోనే వెబ్ ఆప్షన్లు పెట్టించిన అనుభవం ఆయనకుంది. అప్పటినించీ ఏ దేశంలో సీటైనా ఆయనకి ఎంసెట్ సీటే.

"ఇక్కడిది ఒకటి పెట్టు, అక్కడిది రెండు పెట్టు. మావాడికి నూటపద్నాలుగు ఆప్షన్లు పెట్టించాను. ఏం కాదు, తర్వాత స్లైడింగ్‌లో సీటు మారొచ్చు," అన్నారు.

"స్లైడింగ్ లేదు నాన్నా. ఇట్స్ వన్ షాట్," అంది అక్షర.

"చూద్దాం," అన్నారాయన.

అది నా వైపు తిరిగింది. నాన్న ఆలోచిస్తారట అన్నాను. ఆయన ఆలోచించడం అప్పటికే అయిపోయిందని నాకు తెలుసు. తెలుగింట్లో చూద్దాం అంటే ఇక చూసేదేం లేదనే.

ఈ మాటే ఆ తర్వాతి వారం కోర్టులో నాకు తగిలింది. అద్దె ఇంటి తగాదా. ఇంటాయన తెలుగువాడు, స్నానాల గది రిపేరు చేయిస్తానని ఒప్పుకున్నావా లేదా అని అవతలి లాయరు అడిగాడు. ఇంటాయన "చూద్దాం అన్నానండీ" అన్నాడు. ఉన్నదున్నట్టు చెబితే అది సగం ఒప్పుకోలు అవుతుంది. అలాంటప్పుడు మాకొక దారుంది. చెయ్యెత్తి, ఇంటర్‌ప్రెటర్ అనుమతి కోరుతోందని చెప్పి, ఈ మాటకి మా వాళ్ళల్లో ఇంకో అర్థం కూడా ఉంది అని వివరించవచ్చు. వివరించాను. మెజిస్ట్రేటు తల ఊపి రాసుకున్నారు. ఇంటికొచ్చే దారంతా నాకు నా పని మీద కొంచెం గర్వంగానే ఉంది.

ఆగస్టు రెండో ఆదివారం ద్వారకానాథ్ అంకుల్ భోజనానికొచ్చారు. నలభై ఏళ్ళ కిందట ఈ ఊరొచ్చిన డాక్టరుగారు, రిటైరయ్యారు. మా తెలుగు వాళ్ళల్లో ఎవరింట్లో మాట తెగకపోయినా పప్పన్నం పెట్టి ఆయన్ని పిలుస్తారు. మా ఆయన ఫోన్‌లోనే చెప్పాల్సింది చెప్పి ఉంచారు. అంకుల్ మజ్జిగ పులుసు పోసుకుంటూ మొదలుపెట్టారు. ఇక్కడ బస్సెక్కితే అరగంటలో యూనివర్సిటీ, ఇంటి అన్నం, ఇంటి పడక. మెల్‌బోర్న్ అంటే నాలుగు గంటల విమానం. ఇక్కడ చదివి ఉద్యోగానికి అక్కడికి పోకూడదా అని.

అక్షర మర్యాదగానే అడిగింది. "అంకుల్, మీరు పెర్త్ ఎందుకొచ్చారు? అప్పుడు హైదరాబాద్‌లో హాస్పిటల్స్ లేవా?"

ఆయన కాసేపు నవ్వి, ఇంకో గరిటెడు పులుసు పోయించుకున్నారు. "మురళీ, దీనికి లాయరుద్యోగం ఎక్కడ చదివినా వస్తుందయ్యా," అన్నారు. పిలిచిన పని తప్ప మిగతావన్నీ మాట్లాడి, అరటిపండు తిని వెళ్ళిపోయారు. పెద్దమనిషి పంచాయితీ అలా ముగిసింది. మా ఆయన ఆ సాయంత్రమంతా టీవీ రిమోట్ చేతిలో పెట్టుకుని ఏ ఛానలూ పెట్టకుండా కూర్చున్నారు.

ఆ వారంలోనే అక్షర తన వ్యాసం నా చేతికిచ్చింది. లా ఎందుకు చదవాలనుకుంటున్నావు అన్నదే విషయం, ఆరువందల మాటలు. కామాలూ స్పెల్లింగులూ చూసిపెట్టమంది. మొదటి పేరా బడి డిబేట్ల గురించి. రెండో పేరా నా గురించి. ఇంగ్లీషులో రాసింది, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: మా అమ్మ కోర్టులో రోజంతా ఇతరుల తరఫున నేను అంటుంది. ఇంట్లో ఎవరికి ఏది వింటే గొడవ ఉండదో అది చెబుతుంది. ఆమె తన తరఫున నేను అనగా నేను ఇంతవరకు వినలేదు. నేను అనుకున్న మాట నేనే అనే ఉద్యోగం నాకు కావాలి.

రెండుసార్లు చదివాను. ఒక చోట కామా ఎక్కువైంది, తీసేశాను. బాగుంది అని ఇచ్చేశాను. నాకు ముఖం మీద చరిచినట్టయింది, దానికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే బహుశా ఆ పేరా అబద్ధమయ్యేది.

గడువుకి ముందు ఆదివారం. నాలుగు రోజులు వరసగా కురిసిన వాన ఆగింది. మా ఆయన నిచ్చెన వేసుకుని చూరు వెంబడి గటర్లో పేరుకున్న ఆకులు తీస్తున్నారు. అక్షర కింద నిచ్చెన పట్టుకుంది. నేను వంటింటి కిటికీ దగ్గర ఉడికిన చామదుంపల తొక్క తీస్తున్నాను. వాళ్ళిద్దరూ నాకు కనిపిస్తున్నారు, వినిపిస్తున్నారు.

అక్షర తెలుగులో అడిగింది. అదే నాకు ముందు ఆశ్చర్యం. ఎక్కడా తడబడకుండా, కూడబలుక్కుని అడిగింది.

"నాన్నా, నేను మెల్‌బోర్న్ ఫస్ట్ పెట్టనా?"

ఆయన రెండు గుప్పెళ్ళ తడి ఆకులు తీసి బకెట్లో వేశారు. మూడో గుప్పెడు తీస్తూ, "నీ ఇష్టం," అన్నారు.

ఆ మాట పలకడంలో ఒక తీరుంటుంది. ఇష్టంలో చివరి అక్షరాన్ని కిందికి నొక్కుతారు. మా పెళ్ళయిన కొత్తలో నేనొక ఉద్యోగానికి సిడ్నీ వెళ్ళనా అని అడిగితే అలాగే నొక్కారు. నేను వెళ్ళలేదు. ఇరవై ఏళ్ళల్లో ఆ మాట విని నాకిష్టమైంది ఒక్కటీ చేసింది లేదు. అది తలుపుకి లోపల్నించి గొళ్ళెం పెట్టిన చప్పుడు.

అక్షర వంటింట్లోకొచ్చింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నాన్న నీ ఇష్టం అన్నారు. దట్ మీన్స్ ఇట్స్ మై చాయిస్, రైట్?"

ఇలాంటి చోట నా పని నాకు పాఠంలా వచ్చు. నాన్న బాధపడుతున్నారే, ఇక్కడే పెట్టెయ్, రెండేళ్ళయ్యాక చూసుకోవచ్చు అనాలి. పదిహేడేళ్ళుగా అనేది అదే రకం. అది కాకపోతే కోర్టులో లాగా చెయ్యెత్తి, ఈ మాటకి మావాళ్ళల్లో ఇంకో అర్థం ఉంది అనైనా అనొచ్చు. చామదుంపల జిగురు వేళ్ళకి పట్టుకుని ఉంది. చెయ్యెత్తలేదు.

"ఇట్స్ యువర్ చాయిస్. ఆయన అన్నదదే," అన్నాను.

"అంతేనా?"

"అంతే."

అది నన్ను కాసేపు చూసి తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను మిగిలిన దుంపల తొక్క తీశాను. ఆ పూట వేపుడు బాగానే కుదిరింది, మా ఆయన రెండోసారి వేసుకున్నారు. శుక్రవారం సాయంత్రం ఐదు దాటింది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ఆయన దృష్టిలో అది తేలిపోయిన విషయం.

సెప్టెంబర్ మూడో శనివారం పొద్దున్నే అక్షర ల్యాప్‌టాప్‌ని టీ కప్పుల మధ్య పెట్టి మా వైపు తిప్పింది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని మెల్‌బోర్న్ ఆఫర్ మెయిల్ మొత్తం చదివారు, కింద సంతకంతో సహా.

"ఇక్కడిది రాలేదా?" అని అడిగారు.

"ఇక్కడ పెట్టలేదు నాన్నా. ఒక్కటే పెట్టాలి కదా."

"వద్దన్నాను కదా నేను."

"యూ సెడ్ నీ ఇష్టం."

ఆయన దాన్ని చూడలేదు. నన్ను చూశారు. "నువ్వు చెప్పలేదా దానికి?"

"మీరేమన్నారో అదే చెప్పాను," అన్నాను.

"అదే చెప్పావా?"

"అదే చెప్పానండీ."

ఆయన కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. ఇన్నేళ్ళుగా సగం మాట తను అని మిగతా సగం నాకు వదిలేస్తున్న సంగతి ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. ఈసారి ఆ సగం నేను కలపలేదని కూడా తెలిసింది. మంచిదమ్మా అని అక్షరతో అని, కారు కడగడానికి బయటికి వెళ్ళారు. ముందు రోజే కడిగారు ఆ కారుని.

తర్వాత వారం రోజులు ఇల్లు మర్యాదగా నడిచింది. అన్నం వడ్డిస్తే చాలనేవారు, తలుపు వేశావా అని అడిగేవారు, అంతకు మించి నాతో మాట లేదు. కోపం అక్షర మీద లేదు, నా మీదే. న్యాయంగా చూస్తే అది సరైన చోటే ఉంది. పగలంతా నాకు తప్పు చేశానన్న భయం ఉండేది. చేసినందుకు విచారం కోసం వెతుక్కునేదాన్ని, దొరికేది కాదు. అక్షర ఆఫర్‌కి ఇంకా ఒప్పుకోలేదు. నాన్న మాట్లాడకుండా బటన్ నొక్కను అని ఒక్కసారే చెప్పింది. పది రోజుల్లో ఒక్కొక్క రోజే పోతోంది.

ఆరో రోజున దాన్ని బడికి దింపుతూ ర్యాన్‌ఫర్డ్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగాను. చెప్పేద్దామనిపించింది.

"ఆ రోజు నాన్న అన్న మాటకి అర్థం అది కాదు," అన్నాను.

"ఐ నో."

"ఏం తెలుసు?"

"నీ ఇష్టం మీన్స్ డోంట్ యూ డేర్. చిన్నప్పట్నించీ తెలుసమ్మా. నీకే చాలాసార్లు అన్నారు."

నేను స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి కూర్చున్నాను. "మరి నన్నెందుకు అడిగావు?"

అది కిటికీలోంచి చూస్తూ చెప్పింది, తెలుగులోనే. "నువ్వేం చెప్తావో తెలీదు. నువ్వు వద్దంటే పెర్త్ పెట్టేదాన్ని. ట్రూలీ."

వెనక కారువాడు హారన్ కొట్టాడు. పచ్చ లైటు ఎప్పుడు పడిందో నేను చూడలేదు. జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని లాయర్లు అనుకుంటుంటే కోర్టు వరండాల్లో విన్నాను. నా కూతురు అడిగింది. ఇన్నాళ్ళ తగాదా తీర్పు తెచ్చి నా చేతుల్లో పెట్టింది, పెట్టినట్టు నాకు చెప్పలేదు. బడి గేటు దగ్గర దిగుతూ థ్యాంక్స్ అమ్మా అంది. రోజూ అనేదే, ఆ రోజూ అంది.

తొమ్మిదో రోజు ఆదివారం. మూడు గంటలప్పుడు, ఎండ బాగుంది, నేను తీగ మీద బట్టలు తీసి మడతపెట్టి వసారాలోంచి లోపలికి తెస్తున్నాను. మా ఆయన అక్షర గది తలుపు తడుతున్నారు. తలుపు తట్టడం ఆ ఇంట్లో ఆయనకది మొదటిసారి. అంతకుముందు పిలవాల్సి వస్తే హాల్లోంచి నా పేరే పిలిచేవారు. అలవాటు కొద్దీ నేను బట్టలతో సహా వాళ్ళ వైపు నడిచాను.

"నువ్వొద్దు కాత్యా. మేం మాట్లాడుకుంటాం," అన్నారు. కసురుకోలేదు. మామూలుగానే అన్నారు.

తలుపు సగం తెరిచే ఉంది. నేను నడవాలో ఆగిపోయాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాసేపు ఇంగ్లీషు, కాసేపు తెలుగు, ఆఫీసులో ఇంత తడబడి ఉంటే ఆయన్ని ఎప్పుడో పంపించేసేవాళ్ళు. మెల్‌బోర్న్‌లోని క్లేటన్ గురించి చెప్పారు. చదువుకోవడానికొచ్చిన మొదటి ఏడు అక్కడే ఉన్నారని నాకు తెలుసు, అంతే తెలుసు. మూడు గదుల ఇంట్లో తొమ్మిదిమంది ఉండేవారట. ఆ చలికాలం ఆయనకి ఐదు రోజులు జ్వరమొచ్చింది. అందరూ పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాళ్ళు. ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియలేదు. అమ్మకి చేస్తే ఏడుస్తుందని చెయ్యలేదు. మంచినీళ్ళ కోసం వంటింటి దాకా గోడ పట్టుకుని వెళ్ళి, అక్కడే నేల మీద పడుకున్నారు. నువ్వు మెల్‌బోర్న్ అన్నప్పుడల్లా నాకు ఆ నేల కనిపిస్తోంది, అందుకే వద్దన్నాను, నువ్వు చదవలేవని కాదు అన్నారు.

అక్షర ప్రశ్నలు వేసింది. ఆ ఇల్లు ఇప్పుడుందా, ఆ తొమ్మిదిమందిలో ఎవరైనా అక్కడున్నారా అని. ఆయన చెప్పారు. మధ్యలో మగత అన్నారు, దానికి అర్థం కాలేదు. డ్రౌజీ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. ఆయన తల వాల్చి చూపించినట్టున్నారు, అది ఓకే అంది.

నాకు అసూయ కలిగింది. ఒక తల్లి ఇది రాయకూడదేమో. ఆ ఇద్దరి మధ్య నేను కట్టుకున్న ఉద్యోగం ఆ మధ్యాహ్నం నా కళ్ళ ముందే పోయింది, పోగొట్టింది నేనే.

"వెళ్ళు తల్లీ," అన్నారాయన. "వెళ్ళమనే చెప్తున్నా. ఫిబ్రవరిలో ఇల్లు చూడ్డానికి నేనూ వస్తా. హీటర్ ఉందో లేదో చూడాలి."

సరే అంది అక్షర. కీబోర్డు చప్పుడు రెండుసార్లు వినిపించింది. అయిపోయిందా అని ఆయన అడిగారు. అయిపోయిందంది.

అప్పుడాయన, నేను ఎన్నడూ వినని గొంతుతో, "నాకు బెంగగా ఉంటుంది," అన్నారు.

తర్వాత అక్షర గట్టిగా పిలిచింది. "అమ్మా, బెంగ అంటే ఏంటి?"

నేను ఇంగ్లీషులో వెతికాను. మిస్ అవడం కాదు, అది బస్సుని కూడా అంటారు. వర్రీ కాదు. హోమ్‌సిక్ కాదు, ఆయన ఇంట్లోనే ఉంటారు కదా. పదకొండేళ్ళల్లో ఈ మాట నాకు ఏ కోర్టులోనూ రాలేదు.

"మీ నాన్ననే అడుగు," అన్నాను, బట్టలు తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయాను. వెనకాల ఆయన గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టారు.